ఫిలడెల్ఫియా పాటలో కొబ్బరితోట ఎందుకుంది?

2009 మే నెలలో అమెరికాలో ఒక రాక్ ఆల్బమ్ వచ్చింది. పేరు చాంతాడంత ఉంటుంది: ‘ఇట్స్ ఆల్ క్రేజీ! ఇట్స్ ఆల్ ఫాల్స్! ఇట్స్ ఆల్ ఎ డ్రీమ్! ఇట్స్ ఆల్‌రైట్’. అంతా పిచ్చి, అంతా బూటకం, అంతా కల, అయినా ఏం ఫరవాలేదు అని. బ్యాండు పేరు మివితౌట్‌యూ, ఊరు ఫిలడెల్ఫియా. విడుదల చేసిన టూత్ అండ్ నెయిల్, క్రైస్తవ కుర్రకారు వినే రాక్ సంగీతానికి అక్కడ పేరుమోసిన లేబుల్. మొత్తం పదకొండు పాటలు. ఒక పాటలో పశువుల పాకలో యేసు పుడతాడు. ఇంకో పాటలో దావీదు రాజు గదిలోకి మృత్యుదూత వస్తాడు. ఒకటి కాకి, నక్కల కథ. పదో పాట కొబ్బరితోటలోని పురుగుల రాజు కథ. ఆఖరి పాట పేరు ‘అల్లా, అల్లా, అల్లా’.

ఇంతమాత్రం చెప్పగానే మనవాళ్లు తీర్పు ఇచ్చేస్తారు. ‘సర్వమత సమానత్వం’ అని మెచ్చుకుని పక్కన పెట్టేవాళ్లు కొందరు, ‘కలగాపులగం’ అని పెదవి విరిచేవాళ్లు కొందరు. రెండు మాటలూ పాట పూర్తిగా వినక ముందు అనేవే. ఈ పాటల్లో సిద్ధాంతం కోసం వెతికితే తల తిరుగుతుంది. ఏ కథ ఎవరి నోట పుట్టింది, చేతులు మారినప్పుడు ఏది మారింది అని చూసుకుంటూ పోతే మాత్రం ఒక్కొక్క చిక్కూ విడిపోతుంది. పైగా ఈ కథల్లో ముఖ్యమైనవి చెప్పిన పెద్దాయన భాష, తిరుపతి బస్టాండులో మనం పొద్దస్తమానం వినే తమిళమే.

ఆయన పేరు ముహమ్మద్ రహీం బావా ముహియద్దీన్. సూఫీ గురువు. 1940లలో శ్రీలంక అడవుల్లోంచి జనం మధ్యకు వచ్చారని ఆయన శిష్యులు చెబుతారు. బడికి పోయి చదువుకున్న మనిషి కాదు. జాఫ్నాలో ఆశ్రమం పెట్టారు, చేను చేయించారు. మొదట్లో చుట్టూ చేరినవాళ్లలో హిందువులు చాలామంది. ‘స్వామి’ అనే పిలిచేవాళ్లు. 1971 అక్టోబరులో ఫిలడెల్ఫియా వెళ్లారు. అక్కడ ఆయన పేరుతో ఒక ఫెలోషిప్ ఏర్పడింది, 1984లో మసీదు కట్టారు, 1986 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. అమెరికాలో కూడా ఆయన మాట్లాడింది తమిళమే. పక్కన కూర్చున్న శిష్యులు ఇంగ్లిష్‌లోకి తిప్పి చెప్పేవాళ్లు. పారశీక సూఫీ కవి రూమీ కవితల్ని ఇంగ్లిష్‌లో ఊరూరా చేర్చిన కోల్‌మన్ బార్క్స్ కూడా ఈయన్నే గురువుగా భావించాడు. వాట్సాప్‌లో మనకు పొద్దున్నే వచ్చే రూమీ సూక్తుల్లో చాలావాటి ఇంగ్లిష్ ఆ బార్క్స్‌దే. అంటే జాఫ్నా స్వామి నీడ మన ఫోన్లలో కూడా ఎక్కడో పడుతూనే ఉంది.

బ్యాండులో పాడే ఆరన్ వైస్, గిటార్ వాయించే మైకేల్ వైస్ అన్నదమ్ములు. తండ్రి పుట్టింది యూదు కుటుంబంలో, తల్లి పుట్టింది ఎపిస్కోపల్ క్రైస్తవ కుటుంబంలో. ఇద్దరూ సూఫీ మార్గం పట్టారు. పిల్లలు బావా బోధలు వింటూ పెరిగారు, ఆ తర్వాత ఆరన్ క్రీస్తు దారి పట్టాడు. 2002లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో అతను పాడడు, గొంతు చించుకుని అరుస్తాడు. 2004 ఆల్బమ్‌కు పేరు బైబిల్ పరమగీతంలోంచి తీసుకున్నాడు, ద్రాక్షతోటల్ని పాడుచేసే నక్కల్ని పట్టండి అనే వాక్యం లోంచి. ఈ 2009 నాటికి అరుపులు పోయి జానపదం బాణీ వచ్చింది. ఇంట్లో చిన్నప్పుడు విన్న కథలు తిన్నగా పాటల్లోకి వచ్చాయి.

ఆల్బమ్ పేరు కూడా బావా బోధలోంచి తీసుకున్నదే. తిరుపతి వాళ్లకు ఆ పేరు వినగానే తాళ్లపాక అన్నమయ్య గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం.

నానాటి బతుకు నాటకము
కానక కన్నది కైవల్యము

పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమి పని నాటకము

‘అంతా కల’ అన్నదానికి ఇదే కదా మాట అని ఎవరైనా అంటారు. కాస్త ఆగి చూడాలి. అన్నమయ్య ‘అంతా’ అనలేదు. రావడం నిజమే, పోవడం నిజమే, మధ్యలో మనం చేసే హడావుడి మాత్రమే నాటకం అన్నాడు. ఆ తర్వాత, ఎట్టయెదుట ప్రపంచం ఉంది, కట్టగడపటిది కైవల్యం అని వరస పెట్టి చూపించాడు. ప్రపంచం ఒక చోట, కైవల్యం ఇంకో చోట, మధ్యలో దాటవలసిన దూరం. బావా మాటలో ఆ దూరం లేదు. మూడు సార్లు కొట్టిపారేసి నాలుగోసారి ‘ఫరవాలేదు’ అంటాడు. పీడకల వచ్చి ఉలిక్కిపడి లేచిన పిల్లాడి వీపు నిమిరే తాత గొంతు అది. అన్నమయ్యది లెక్క తేల్చి చెప్పే గొంతు. భావం ఒకటే అని సరిపెట్టేస్తే ఈ రెండు గొంతుల తేడా మన చెవికి తగలదు. నాకైతే భావం కంటే ఆ తేడా మీదే ఆసక్తి.

ఇక పదో పాట, ‘ద కింగ్ బీటిల్ ఆన్ ఎ కోకోనట్ ఎస్టేట్’. ఆల్బమ్ మొత్తం ఎవరైనా మర్చిపోవచ్చు కానీ ఈ పాట మరవలేరు.

బావా చెప్పిన కథ ఇది. పొద్దుగూకాక కొబ్బరితోటలో కూలీలు రాలిన ఎండుటాకులు ఊడ్చి చెరువు పక్కన కుప్పవేసి మంట పెడతారు. దూరంగా ఒక కొమ్మ మీదున్న పురుగుల రాజుకు ఆ వెలుగు కనిపిస్తుంది. అదేదో మహా రహస్యం, పోయి తెలుసుకు రండి అని ప్రజల్ని పిలుస్తాడు. ముందు ప్రొఫెసరు పురుగు బయల్దేరుతుంది, నాకు తెలియని రహస్యమా అనుకుంటూ. రెక్కలు కాలి, ఆరు కాళ్ల మీద పాకుతూ తిరిగొస్తుంది. చూసిందంతా పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ మాటల్లో వెలుగూ లేదు, వేడీ లేదు. రాజుకు తృప్తి కలగదు. ఈసారి పద్‌పరాద్‌షా అనే నీలమణి జాతి రాయి పొదిగిన ఉంగరం బహుమానం అంటాడు. శ్రీలంకలో దొరికే మేలురకం రాయి అది, కథ ఏ గడ్డ మీద నుంచి వచ్చిందో పట్టిచ్చేస్తుంది. సైన్యాధికారి పురుగు ముందుకొస్తుంది. రాజు మెప్పు పొంది, ఎప్పటికైనా రాజ్యమే కొట్టేయాలని దాని ఆలోచన. అదీ ఒళ్లు కాల్చుకుని వెనక్కొచ్చి, ఆ మంట సూర్యుడంత వెలుగు, ఉరుమంత చప్పుడు అని కవిత్వం చెబుతుంది. రాజు పిడికిలి బిగించి నేలకేసి కొడతాడు. అది ఎలా ఉందని అడగలేదు, అదేమిటని అడిగాను అంటాడు.

ఆ తర్వాత తనే బయల్దేరతాడు. రాణి ఎందుకని అడగదు. పిల్లల్ని దగ్గరికి పిలిచి, మీరు నన్ను తండ్రి అంటున్నారు గానీ మీ అసలు తండ్రి నేను కాదు, కనిపించే ప్రతిదానిలోనూ ఉన్న ప్రాణం మీ తండ్రి అని చెబుతాడు. కిరీటం, సింహాసనం పేదలకు పంచమంటాడు. వెనుదిరిగి చూడకుండా నిప్పులోకి ఎగిరిపోతాడు. టెలిఫోన్ తీగల చుట్టూ గిరికీలు కొడుతున్న సేన, మన రాజు చావలేదు, నిప్పుగా మారాడు అంటుంది.

కథకు ఊరు శ్రీలంకే గానీ వంశం చాలా పాతది. 12వ శతాబ్దంలో నిషాపూర్ కవి అత్తార్ తన పక్షుల కావ్యంలో దీపపు పురుగుల కథ చెప్పాడు. పురుగులన్నీ చేరి దీపం సంగతి తెలుసుకోవాలనుకుంటాయి. ఒకటి దూరం నుంచి వెలుగు చూసొస్తుంది. ఇంకొకటి రెక్క తగిలించి వస్తుంది. మూడోది మంటలో పడి మంటతో ఒకటైపోతుంది. తెలిసింది దానికే, కానీ తిరిగొచ్చి చెప్పదు. అత్తార్ కంటే ముందే, 922లో బాగ్దాదులో మరణశిక్ష పడిన సూఫీ హల్లాజ్ రాతల్లో కూడా ఈ దీపమూ ఈ పురుగూ ఉన్నాయి. ‘నేను’ మిగలకుండా పోవడాన్ని సూఫీలు ఫనా అంటారు. ఈ ఆల్బమ్‌లోనే నాలుగో పాట పేరు ‘గుడ్‌బై, ఐ’. అంటే ‘నేను’కు సెలవు చెప్పడం.

అత్తార్ పురుగులకు హోదాలు లేవు, సంసారం లేదు. ఈ పాటలో ప్రొఫెసరు ఉన్నాడు, సైన్యాధికారి ఉన్నాడు, పెళ్లాం పిల్లలున్నారు. పాండిత్యం ఒకసారి, పరాక్రమం ఒకసారి ఓడిపోయాకే మూడోవాడి వంతు. ఆ మూడోవాడు వదులుకోవలసినవి ఉన్నవాడు. కాబట్టి ఎగిరే ముందు ఒక వీడ్కోలు అవసరమైంది. నన్నడిగితే పాటకు గుండెకాయ ఆ వీడ్కోలే. మంట ఆ తర్వాతే.

పుత్తూరు దగ్గర మా పెద్దమామకు కాస్త కొబ్బరితోట ఉంది. ఆయనకు ఈ కథ చెబితే పడీపడీ నవ్వాడు. “చువ్వతో గుచ్చి లాగి పారేసేదాన్ని పట్టుకోని రాజంటావేంది అల్లుడూ! పేడదిబ్బలో పుడతాది, మొవ్వు తొలిచి మానునే చంపతాది” అన్నాడు. కొమ్ము పురుగు గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దాని పిల్లపురుగులు పేడదిబ్బల్లో, కుళ్లిన మొద్దుల్లో పెరుగుతాయి, రెక్కలొచ్చాక చెట్టెక్కి మొవ్వులో దూరతాయి. రాత్రిపూట వెలుగుకు వస్తాయి కాబట్టి దీపపు ఎరలు కూడా పెడతారు. పాటలో జాతి పేరు లేదు గానీ, రాజు పిల్లలకు చెప్పే మాటల్లో పేడ, కొబ్బరి రెండూ వస్తాయి. ఆ తండ్రి మనకు పేడనిచ్చాడు, కొబ్బరినిచ్చాడు, ఒకదానిలో ఉప్పదనం, ఇంకోదానిలో తీపి పెట్టాడు అంటాడు. తోటలో తిరిగినవాడు చెప్పిన కథ కాబట్టి అంత కచ్చితంగా కుదిరింది. ఇంకో సంగతి కూడా ఉంది. కూలీలకు అది చెత్త మంట. పని అయిపోయింది, ఆకులు తగలబెట్టి ఇంటికి పోవాలి, అంతే. పురుగులకు అదే మహా రహస్యం. ఈ రెండు చూపుల్నీ పాట ఒక్క ముక్క వ్యాఖ్యానం లేకుండా పక్కపక్కన పెట్టి వదిలేసింది.

తెలుగు చదువరి పొరబడే అవకాశం ఉన్నదీ ఇక్కడే. దీపంలో పడే పురుగు అనగానే మనకు తట్టేది మోహం. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నాలుగు గురువుల్లో శలభాన్ని లెక్కపెట్టింది అలా పడవద్దని చెప్పడానికే. రూపానికి మోసపోయి చచ్చేది శలభం. గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు విశ్వరూపం ముందు నిలబడి, మండే నిప్పులోకి శలభాలు దూకినట్టు వీళ్లంతా నీ నోళ్లలో పడుతున్నారు అంటాడు. అక్కడ నిప్పు సాక్షాత్తూ భగవంతుడే. అయినా పడేవాళ్లకు దక్కేది నాశనమే. ఈ చెవితో వింటే పురుగుల రాజు ఒట్టి వెర్రివాడు. సూఫీ చెవితో వింటే వాడొక్కడే తెలివైనవాడు.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం శలభం కాదు, సాలీడు. తిరుపతి నుంచి గంట ప్రయాణంలో ఉంది దాని గుడి. శ్రీకాళహస్తి పేరులో ‘శ్రీ’ అంటే సాలెపురుగు. శివుడికి దారాలతో గుడి అల్లుకుంది, దీపం సెగకు ఆ గుడి కాలిపోయింది, ఒళ్లు మండి ఆ దీపాన్నే మింగబోయింది. అప్పుడు శివుడు ప్రత్యక్షమై ముక్తినిచ్చాడు. ధూర్జటి ఈ క్షేత్ర మాహాత్మ్యాన్నే ప్రబంధంగా రాశాడు. పురుగు, మంట, దేవుడు, మూడూ ఉన్నాయి. కానీ సాలీడుకు నిప్పు శత్రువు, తన స్వామి ఇల్లు కాల్చినది. అది కోపంతో దూకింది, దేవుడు నిప్పుకు ఇవతల నిలబడి ఆదుకున్నాడు. పురుగుల రాజుకు నిప్పే స్వామి, ఆదుకోవడానికి వేరే ఎవరూ రారు. సాలీడు సాలీడుగానే ముక్తి పొందింది, దాని పేరు ఊరికి మిగిలింది. పురుగుల రాజు పేరు కూడా పాటలో ఎక్కడా లేదు.

ఈ పాట ముగింపు ఇంకా చిత్రం. ముస్లిం గురువు చెప్పిన కథకు ముక్తాయింపు క్రైస్తవ సన్న్యాసిది. ఈజిప్టు ఎడారుల్లో తపస్సు చేసుకున్న తొలినాటి క్రైస్తవ మునుల సంవాదాలు కొన్ని మనకు మిగిలాయి. వాటిలో లోత్ అనే ముని జోసెఫ్ అనే వృద్ధుణ్ణి అడుగుతాడు: నా శక్తి కొద్దీ ఉపవాసం, ప్రార్థన, మౌనం, ధ్యానం చేస్తున్నాను, ఇంకా ఏం చేయాలి? వృద్ధుడు లేచి చేతులు ఆకాశంలోకి చాపుతాడు. పది వేళ్లూ పది దీపాలవుతాయి. పూర్తిగా నిప్పుగానే మారిపోరాదా అంటాడు. పురుగుల పాట చివర వినబడే ప్రశ్న సరిగ్గా అదే. ఎక్కడా ‘ఇది ఫలానా ముని మాట’ అని చెప్పకుండా, అతుకు కనబడకుండా కలిపేశారు. ఆల్బమ్ అంతటిలో ఇంత నేర్పుగా చేసిన పని ఇంకోటి లేదు. కథ చివర ఈ ప్రశ్న పెట్టాక అది పురుగుల గురించి మానేసి వినేవాళ్ల వైపు తిరుగుతుంది.

మిగతా పాటలకు ఇంత విప్పి చెప్పవలసిన అవసరం లేదు. కాకి, నక్కల పాటకు మూలం కూడా బావా చెప్పిన కథే. నక్క పొగడ్త, కాకి నోట్లోని తినుబండారం, అది ఎవరికి తెలియదు. చిత్తూరు జిల్లా సరిహద్దు ఊళ్లలో పిల్లలకు ఈ కథ తమిళం వాటంలోనే తెలుసు, అవ్వ వడలు కాలుస్తుంటే కాకి ఎత్తుకుపోయినట్టు. పాటలో అవ్వ బదులు బండి లాక్కుంటూ తిరిగే బేకరీవాడు, వడ బదులు బిస్కట్టు. దావీదు పాటలో మృత్యుదూత గడప దగ్గర నిలబడి రమ్మంటే రాజు వెనకాడతాడు. యూదులకు, క్రైస్తవులకు, ముస్లింలకు ముగ్గురికీ దావీదు సొంతవాడే కాబట్టి ఈ బ్యాండుకు అంతకంటే అనువైన రాజు దొరకడు. రోజూ ఎందరో యముడి ఇంటికి పోతున్నా ఉన్నవాళ్లు మాత్రం శాశ్వతంగా ఉంటామనుకుంటారు, ఇంతకంటే ఆశ్చర్యమేముంది అని యక్షుడికి ధర్మరాజు చెప్పిన జవాబు తెలిసినవాళ్లకు ఆ పాట అర్థం చేసుకోవడం కష్టం కాదు. యేసు పుట్టుక పాటలో తల కింద గుర్రం మేత, చలికి దగ్గరగా జరిగిన గొర్రెలు, అన్నీ పశువుల వైపు నుంచే. ఆరో పాటలో కూరగాయలు మాట్లాడతాయి. ముద్దుగానే ఉంటుంది కానీ ఆ వరసలో వింటే జంతువులూ కాయగూరలూ కాస్త ఎక్కువయ్యాయనిపిస్తుంది. కామాన్ని గురించి సిగ్గుపడుతూ రాసిన ఎనిమిదో పాట నాకు కుదరలేదు. ఉపమానాలు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడనివ్వవు.

చివరి పాటే అమెరికాలో చాలామందికి మింగుడుపడనిది. క్రైస్తవ లేబుల్ మీద వచ్చిన ఆల్బమ్ అల్లా పేరుతో ముగియడమేమిటని. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు తరతరాలుగా తమ దేవుణ్ణి పిలిచేది ఆ పేరుతోనే, వాళ్ల బైబిల్లో ఉన్నదీ అదే. పాటలో వాదనేమీ లేదు. మీ నాన్న నీకు అన్యాయం చేసి ఉంటే, ఆయనకు వాళ్ల నాన్న చేసి ఉంటాడేమో, క్షమించే పాటలు పాడాలనుంటే మా గుంపులోకి రా అంటుంది. పురుగుల రాజు ‘మీ అసలు తండ్రి నేను కాదు’ అన్న మాట పక్కనే ఇది వస్తుంది కాబట్టి, ఆ రెండు పాటలు కలిపి ఒకే పాటగా వినడం మేలు. మొదటిదానిలో తండ్రి పిల్లల్ని వదిలి వెళ్తాడు. రెండోదానిలో పిల్లలు తండ్రిని క్షమిస్తారు. దేవుడి పేరు మీద గొడవ పడ్డవాళ్ల కంట ఈ వరస పడలేదు.

మన వైపు ఈ పాటకు అంత కంగారు పుట్టదు. తిరుమలకు తొలిగడప అనే దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు బెల్లం, చింతపండు పట్టుకుని వెంకన్న దర్శనానికి వస్తారు, బీబీ నాంచారి తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని. వీరబ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య తత్వాలు రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ భజనల్లో పాడతారు. అయితే దేవుని కడపలో కలిపేది చుట్టరికం. ఎవరి మతంలో వాళ్లుంటూనే పండక్కి అల్లుడింటికి పోయి వస్తారు. ఆల్బమ్ అడిగేది అంతకంటే ఎక్కువ, ఉన్న ఇల్లే కాల్చుకోమంటుంది. ఆ మాటను బ్యాండు పూర్తిగా నమ్మిందో లేదో పాటల్లో తేలదు. 2022లో విడిపోయేదాకా వాళ్లు ఈ మూడు మతాల మధ్యే తిరుగుతూ రాశారు, ఒక చోట కుదురుకోలేదు.

వినాలనుకునేవాళ్లకు ఒక సలహా. మొదటి పాటతో మొదలుపెట్టకండి. పదో పాట వినండి, ఆ వెంటనే పదకొండోది. కుదిరితే మధ్యలో ఒకసారి ధూర్జటి సాలీడు కథ చదవండి. తర్వాత వెనక్కొచ్చి కాకి, నక్క. ఎనిమిదోది మీ ఇష్టం.